బోటు ఇంజన్ చల్లగా ఉంటే మంచిదేనా?

ప్రశ్న: హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకునే పిల్లల వెంట రెస్క్యూ బోటు నడుపుతాను. 40 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ అవుట్‌బోర్డ్ (బోటు వెనక బయట బిగించే ఇంజన్). గంట తిరిగినా టెంపరేచర్ మీటరు 38 డిగ్రీలు దాటడం లేదు. ఐడిలింగ్‌లో వణుకుతోంది, పెట్రోలు ఎక్కువ తాగుతోంది. ‘మన ఎండలకు చల్లగా ఉంటే మంచిదేగా’ అంటున్నాడు మెకానిక్. వదిలేయవచ్చా?
- ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: వద్దండీ. ముందు డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పై గీత దాటి ఉండి, పెట్రోలు వాసన కొడుతుంటే ఆ ఆయిల్ మార్చకుండా బోటు నీళ్లలో దించకండి. చల్లటి సిలిండర్‌లో పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు. గోడలకు అంటుకుని, పిస్టన్ రింగుల సందుల్లోంచి జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడితే బేరింగులు అరుగుతాయి. ఫ్యూయల్ ఇంజెక్షన్ రకమైతే, ఇంజన్ ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటర్ అదనంగా పెట్రోలు పంపుతూనే ఉంటుంది.

మన ఎండలకూ దీనికీ సంబంధం లేదు. మీ అవుట్‌బోర్డుకు రేడియేటర్ ఉండదు, సాగర్ నీళ్లే లోపల తిరిగి బయటికి పోతాయి. ఆ నీళ్లు 30 డిగ్రీలున్నా, ఇలాంటి ఇంజన్లు కోరుకునేది దాదాపు 60. ఆ తేడాను కాపాడేది థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ల దారి మూసి ఉంచే వాల్వు. వేడెక్కుతోందంటే చాలు, దాన్ని పీకేసే అలవాటు మన షెడ్లలో ఉంది. మా పాత కారుకూ అలాగే తీసేశారు, మైలేజీ పడిపోయాక గానీ నాకు తెలియలేదు. మీ దానిలో అసలు ఉందో లేదో ముందు చూడాలి.

అంతకంటే ముందు మీటరు నిజం చెబుతోందా? ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ సంపాదించండి. కోవిడ్ రోజుల్లో నుదుటికి పెట్టినది కాదు, అది 42, 43 దగ్గరే ఆగిపోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో పనిముట్లకు వాడే రకం అడగండి. థర్మోస్టాట్ మూత మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద గురిపెట్టండి, మెరిసే లోహం మీద రీడింగు తప్పుతుంది. బోటును పావుగంట నడిపి చూడండి. గన్ 60 చూపిస్తూ మీటరు 38 అంటే ఇంజన్ బాగానే ఉన్నట్టు. ఈ సెన్సర్లలో వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది. కనెక్టర్‌లో పచ్చటి చిలుము పడితే రెసిస్టెన్స్ పెరిగి, మీటరు చల్లగా ఉందని చెబుతుంది. చిలుము గీకి, కాంటాక్ట్ క్లీనర్ కొడితే చాలాసార్లు సరిపోతుంది.

గన్ కూడా 40 లోపే చూపిస్తే థర్మోస్టాట్ విప్పండి. ప్లాస్టిక్ సంచి పీలికో, గుర్రపుడెక్క వేరో వాల్వులో ఇరుక్కుని ఉండవచ్చు. కడిగి, వంటింట్లో పరీక్షించండి. వాల్వు అంచున సన్నటి దారం ఇరికించి, ఆ దారంతోనే గిన్నెడు నీళ్లలో అడుగు తగలకుండా వేలాడదీయండి. పక్కన థర్మామీటరు పెట్టి సన్న మంట మీద కాచండి. వాల్వు తెరుచుకున్న క్షణాన దారం వదిలి థర్మోస్టాట్ గిన్నెలో పడుతుంది. అప్పటి డిగ్రీలు, దాని మీద ముద్రించిన అంకె దగ్గరగా ఉండాలి. చల్లటి నీళ్లలోనే దారం నిలవకపోతే పాడైనట్టే.

కొత్తది మీ మోడల్ నంబరుతోనే కొనండి. కారుది సరిపోయినా పెట్టకండి, కార్లవి సాధారణంగా 80 దాటాక తెరుచుకుంటాయి. స్ప్రింగు ఇంజన్ లోపలివైపు ఉండాలి, గ్యాస్కెట్ కొత్తది వేయాలి. ఆ తర్వాతా చల్లగానే ఉంటే, కొన్ని మోడళ్లలో ఉండే ప్రెషర్ వాల్వు తెరుచుకుని ఉండిపోయిందేమో చూపించండి. వేడెక్కించడానికని నీళ్లు పీల్చే రంధ్రాలు మాత్రం మూయకండి, పంపులో నీళ్లు తోసే రబ్బరు రెక్కల చక్రం (ఇంపెల్లర్) కాలిపోతుంది.

రిపేరయ్యాక ఆయిలూ ఫిల్టరూ మార్చండి. పిల్లల వెంట గంటలకొద్దీ ఐడిలింగ్‌లో ఉంటారు కాబట్టి, తిరిగొచ్చేటప్పుడు పది నిమిషాలైనా కాస్త వేగంగా నడపండి. పది గంటలు నడిచాక డిప్‌స్టిక్ మళ్లీ వాసన చూడండి.