ర్యామ్ ఇప్పుడే తీసుకోండి, స్టోరేజీ సంగతి తర్వాత చూడొచ్చు

ప్రశ్న: ఇంటి నుంచే చిన్న వ్యాపారాలకి లెక్కలు రాస్తుంటాను. పాత ల్యాప్‌టాప్ 8 జీబీ ర్యామ్, బాగా స్లో అయిపోయింది. కొత్తది 8 జీబీ/256, 16 జీబీ/512, 32 జీబీ/1 టీబీ అని (మొదటిది ర్యామ్, రెండోది స్టోరేజీ) మూడు రకాల్లో దొరుకుతోంది. పెద్దది తీసుకుంటే మళ్లీ ఖర్చుండదని మా అబ్బాయి అంటున్నాడు, కానీ దానికోసం అత్యవసరానికి దాచిన డబ్బు కొంత తీయాలి. తీయొచ్చా?

జవాబు: తీయకండి మేడం. ఆ డబ్బు ఆస్పత్రికో, పని లేని నెలలకో, ల్యాప్‌టాప్ కోసం దాన్ని కదపక్కర్లేదు, మీరు చేసే పనికి 16/512 హాయిగా సరిపోతుంది.

అసలు కొత్తది కొనే ముందు పాతది ఎందుకు స్లో అయిందో చూడండి. రోజూ ఎలా పని చేస్తారో అలాగే బ్రౌజర్, ఎక్సెల్, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అన్నీ తెరిచి పెట్టుకుని కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లండి. మెమరీ, అంటే తెరిచిన పనులన్నీ పెట్టుకునే ర్యామ్, ఎప్పుడు చూసినా 90 శాతం పైనే ఉంటే ర్యామ్ చాలట్లేదని అర్థం, చోటు లేక విండోస్ కొంత డేటాని డిస్క్ మీదకి నెట్టి మళ్లీ తెచ్చుకుంటుంటుంది, ఆ డిస్క్ ర్యామ్ కంటే చాలా నెమ్మది కాబట్టి మీకు బండి ఆగిపోయినట్టు అనిపిస్తుంది. అలా కాకుండా మెమరీ ఖాళీగానే ఉండి డిస్క్ మాత్రం 100 శాతం కొట్టుకుంటోంది, లోపల ఉన్నది పాతకాలం హార్డ్ డిస్క్ అని తేలిందనుకోండి, అప్పుడు దాని బదులు ఒక ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే చాలా వేగంగా పనిచేసే స్టోరేజీ) వేయించి చూడండి, ఇంకో రెండేళ్లు లాగేయొచ్చు, కొత్తది కొనే డబ్బులో చిన్న వంతుతో పనైపోతుంది.

సరే, కొనాల్సిందే అని తేలితే షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు, "ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చా" అని. పలచటి మోడల్స్‌లో చాలావాటికి ర్యామ్ బోర్డు మీదే అతికించేసి ఉంటుంది, స్పెసిఫికేషన్‌లో ఎల్‌పీడీడీఆర్5 అనో ఆన్‌బోర్డ్ అనో కనపడితే దాదాపు అదే, కొన్న రోజు ఎంత ఉంటే చివరిదాకా అంతే. సోడిమ్ స్లాట్ (ర్యామ్ ముక్కని తీసి పెట్టుకునే చోటు) ఉందంటే తర్వాత పెంచుకోవచ్చు. మ్యాక్‌బుక్ అయితే ఇప్పుడొచ్చేవాటిలో ర్యామ్, స్టోరేజీ రెండూ మనం మార్చేవి కావు, కాబట్టి అక్కడ మొదటి రోజే గట్టిగా ఆలోచించుకోవాలి. ఆపిల్ కూడా 2024 అక్టోబర్‌లో మ్యాక్‌బుక్ ఎయిర్‌ని 16 జీబీ నుంచే మొదలుపెట్టింది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో డిస్‌ప్లేకి కూడా ఆ ర్యామ్‌లోంచే కొంత పోతుంది, 8 జీబీ ఇప్పుడు కొనొద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

స్లాట్ ఉంది కదా, ఇప్పుడు 8 తీసుకుని రేట్లు తగ్గాక పెంచుకుందాం అనే లెక్క కూడా నమ్మలేం. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల డిమాండ్‌తో ర్యామ్ రేట్లు బాగా పెరిగిపోయాయి.

మరి 32? ఎక్స్‌ట్రాగా అడుగుతున్న డబ్బుని మీరు ఆ మెషీన్ వాడే ఏళ్లతో భాగించండి, ఐదేళ్లనుకుంటే ఐదో వంతు, అంత డబ్బు ఏటా అద్దెగా కట్టమంటే మీ పనికోసం కడతారా? వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు, వర్చువల్ మెషీన్లు (ఒకే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా పనిచేసేవి) నడిపేవాళ్లు సంతోషంగా కడతారు, వాళ్లకి అది సంపాదించి పెడుతుంది కూడా. లెక్కల ఫైళ్లకి ఆ అవసరం రాదండి.

స్టోరేజీకి అంత కంగారు లేదు. 512 అని రాసున్నా విండోస్‌లో 476 దగ్గర కనపడుతుంది, అది మోసం కాదు, లెక్కపెట్టే పద్ధతి వేరు అంతే. మీ ఫైళ్లు ఎన్నేళ్లవి పెట్టినా చిన్నవే, చోటు తినేది ఫోటోలు, వీడియోలు. విండోస్ ల్యాప్‌టాప్స్ చాలావాటిలో ఎం.2 ఎస్ఎస్‌డీ (చిన్న కార్డులా ఉండే రకం) తర్వాత మార్చుకోవచ్చు, మూత విప్పితే వారంటీ ఉంటుందా పోతుందా అన్నది మాత్రం కొనేటప్పుడే అడిగేయండి. నెలనెలా కట్టే క్లౌడ్ ప్లాన్ చూడ్డానికి చిన్నదే, ఐదేళ్లకి గుణిస్తే చాలాసార్లు ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ధర దాటిపోతుంది.

మిగిలిన డబ్బులో కొంత బ్యాకప్‌కి పెట్టండి, పక్కవాళ్ల లెక్కలు మీ దగ్గరుంటాయి కాబట్టి ఇది మాత్రం తప్పనిసరి. పాత ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ బాగానే ఉంటే కొత్త డ్రైవ్ కూడా కొనక్కర్లేదు, డేటా మొత్తం కొత్తదాంట్లోకి ఎక్కించుకున్నాక దాన్ని తీయించి, దానికి సరిపడే యూఎస్‌బీ కేస్‌లో పెట్టించుకోండి, వారానికోసారి ఫైళ్లు కాపీ చేసుకోడానికి అది చాలు.