నర్సింగ్‌కి ముందు ఇంకో డిగ్రీ ఎందుకమ్మా?

మారతహళ్లి నుంచి ఒక తల్లి రాశారు. అనంతపురం నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన కుటుంబం. అమ్మాయి ఈ ఏడాది పీసీబీ (ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ)తో సెకండ్ పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడాది) పాసైంది, 74 శాతం, నర్సింగే చదువుతానంటోంది. అమెరికాలో ఉన్న బావగారి అబ్బాయేమో "ముందు బీఎస్సీ మైక్రోబయాలజీ చేయించు పిన్నీ, చేతిలో డిగ్రీ ఉంటే నర్సింగ్ ఏడాదిన్నరలో అయిపోతుంది" అన్నాడట. ఏం చేయమంటారు అని అడిగారు.

అమ్మా, ఆ అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు, కాకపోతే అది అక్కడి సంగతి. అమెరికాలో వేరే డిగ్రీ ఉన్నవాళ్ల కోసం పన్నెండు నుంచి పద్దెనిమిది నెలల్లో ముగించే నర్సింగ్ కోర్సులు ఉన్నాయి. మన దగ్గర అలాంటి దారి లేదు. మైక్రోబయాలజీలో గోల్డ్ మెడల్ తెచ్చుకున్నా సరే, బీఎస్సీ నర్సింగ్‌లో చేరితే మొదటి సెమిస్టర్ నుంచి ఎనిమిదో సెమిస్టర్ దాకా నాలుగేళ్లూ చదవాల్సిందే. పీయూసీ నుంచి నేరుగా వచ్చిన పిల్ల పక్కనే కూర్చుని అదే అనాటమీ, అదే మైక్రోబయాలజీ మళ్లీ.

లెక్క చూడండి. ఇప్పుడు చేరితే 22కి చేతిలో నర్సింగ్ పట్టా ఉంటుంది, డిగ్రీ చేసి వస్తే 25. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల కోసం రాసే నార్సెట్‌కి జనరల్ అభ్యర్థులకు వయసు 30 దాటకూడదు, అంటే ఆ మూడేళ్లు రాయగలిగిన ప్రయత్నాల్లోంచే పోతాయి. ఫీజు, హాస్టల్ ఖర్చు సరేసరి. పోనీ విదేశాలకే వెళ్తుందనుకుందాం, అక్కడ వాళ్లు చూసేది నర్సింగ్‌లో ఎన్ని గంటల థియరీ, ఎన్ని గంటల క్లినికల్ (ఆసుపత్రిలో శిక్షణ) చేసిందన్నది, మైక్రోబయాలజీ డిగ్రీ ఆ లెక్కలోకి రాదు.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ డిగ్రీ నిజంగా అమ్మాయి కోసమా, లేక "నర్సా?" అని మొహం అదోలా పెట్టే చుట్టాల కోసమా? ఎందుకంటే మీ ఉత్తరంలో నైట్ డ్యూటీల గురించి, సంబంధాల గురించి రాసింది మైక్రోబయాలజీ గురించి రాసినదానికంటే ఎక్కువుంది! ఆ భయం నాకు అర్థమవుతుంది, కానీ మూడేళ్లు వాయిదా వేస్తే పోయే భయం కాదది.

అమ్మాయికే తనమీద నమ్మకం లేకపోతే అది వేరే విషయం. తెలిసిన నర్సు ఎవరైనా ఉంటే ఒక పూట ఆమెతో మాట్లాడించండి, మంచం మీద కదల్లేని పేషెంట్‌ని పక్కకి తిప్పి తడిసిన దుప్పటి తీయడం, రాత్రంతా మేలుకుని పొద్దున వచ్చిన డ్యూటీవాళ్లకి ఒక్కో బెడ్ దగ్గరా నిలబడి ఏ మందు ఎప్పుడిచ్చారో అప్పజెప్పడం, ఇవన్నీ దాచకుండా చెప్పమనండి. విన్నాక కూడా నర్సింగే అంటే ఇంక ఆపొద్దు. తడబడితే బీఎస్సీలో చేర్చండి, తప్పు లేదు, కానీ అది నర్సింగ్‌కి మెట్టు అనుకోకండి.

(కామర్స్ పిల్లలు కూడా ఇదే అడుగుతుంటారు. వాళ్లకి బీఎస్సీ నర్సింగ్ కుదరదు, ఏ గ్రూపువాళ్లయినా చేరగలిగే జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్లు, ఆ పైన డిగ్రీ కావాలంటే పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ రెండేళ్లు.)

రెండో డిగ్రీ మీద అంత మోజుంటే నర్సింగ్ అయ్యాక చేయనివ్వండి. ఎమ్మెస్సీ నర్సింగ్ ఉంది, పబ్లిక్ హెల్త్ ఉంది, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ ఉంది, అప్పటికి తన జీతంతో తనే చదువుకుంటుంది.

ఇక కాలేజీ. కర్ణాటక ప్రవేశ పరీక్ష సీఈటీ రాసి ఉంటే, దాన్ని నిర్వహించే కేఈఏ కౌన్సెలింగ్ తేదీలు గమనిస్తూ ఉండండి. మేనేజ్‌మెంట్ సీటయితే రాజీవ్ గాంధీ హెల్త్ యూనివర్సిటీ అనుబంధం, నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉన్నాయో లేదో మీరే చూసుకోండి, క్లినికల్స్‌కి పిల్లల్ని ఏ ఆసుపత్రికి పంపుతారో అక్కడ చదివే పిల్లల్నే అడగండి. సీటు ఖాయం చేస్తానంటూ ఏజెంట్ ఎవరైనా ఒరిజినల్ మార్క్స్ కార్డులు అడిగితే ఇవ్వకండి. నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి మధ్యలో మానేస్తే, మిగతా ఏళ్ల ఫీజు కూడా కడితేనే కార్డులు ఇస్తామని కాలేజీవాళ్లు ఆరు నెలలు తిప్పారు.