అల్లుడూ, ఇంగ్లీషు గ్రామర్ పుస్తకం కాసేపు పక్కన పెట్టు

ఒరే అల్లుడూ,

మీ అమ్మ ఫోన్ చేసింది, ద్వారకానగర్‌లో స్పోకెన్ ఇంగ్లీషు కోచింగ్‌కి ఫీజు కడదామనుకుంటున్నావట. కట్టు, వద్దనను. కాకపోతే అక్కడా మళ్లీ నౌను, ప్రొనౌను, అడ్జెక్టివ్ అంటూ డెఫినిషన్లతోనే మొదలుపెడితే మాత్రం, అవి నువ్వు హైస్కూల్లో బట్టీ పట్టినవే, అయినా నోరు పెగల్లేదు కదా. పోర్టు రోడ్డులో షిప్పింగ్ ఆఫీసులో నేను పనిచేసినన్నాళ్లూ ఇంగ్లీషులో ఉత్తరాలు రాయడం, ఓడ దిగినవాళ్లతో మాట్లాడటం, కొత్తగా చేరిన కుర్రాళ్ల డ్రాఫ్టులు దిద్దడం, ఇదే పని. ఆ డ్రాఫ్టుల్లో కనబడేవి ఎప్పుడూ అవే తప్పులు, ఎందుకంటే అందరం లోపల తెలుగులో అనుకుని పైకి ఇంగ్లీషు మాటలు పేరుస్తాం. కాబట్టి రెండు భాషలూ ఎక్కడ దారి మార్చుకుంటాయో ఆ చోట్లు ముందు పట్టుకో.

మొదటిది క్రియ. "మా నాన్న టీచరు", "మాది చోడవరం" అంటాం, ఇందులో క్రియే లేదు, తెలుగులో హాయిగా నడిచిపోతుంది. ఇంగ్లీషులో నడవదు, "మై ఫాదర్ ఈజ్ ఎ టీచర్" అనాల్సిందే, ఆ ఈజ్ ఎగిరిపోతే వాక్యమే లేదు. కర్త సంగతీ అంతే. "వస్తున్నా" అంటే ఎవరు వస్తున్నారో ఆ క్రియే చెప్పేస్తుంది, ఉట్టి "కమింగ్" అంటే చెప్పదు, "ఐ యామ్ కమింగ్" అనాలి. చెప్పడానికి ఎవరూ లేకపోయినా సరే, వాన పడుతోంది అనడానికి "ఇట్ ఈజ్ రైనింగ్" అంటారు. ఆ ఇట్ ఏంటి మావయ్యా అని అడక్కు, కుర్చీ ఖాళీగా ఉండకూడదని ఎవరో ఒకర్ని కూర్చోబెట్టారు, అంతే. ఇక వరస: మనకి క్రియ చివర్లో, వాళ్లకి కర్త పక్కనే. "నేను జగదాంబ దగ్గర బస్సు ఎక్కాను" అన్నది "ఐ గాట్ ఆన్ ద బస్ ఎట్ జగదాంబ" అవుతుంది. మాట్లాడేటప్పుడు ఎవరు, ఏం చేశారు అనే రెండూ ముందు బయట పడేసెయ్, ఎక్కడ, ఎప్పుడు అనేవి తర్వాత తీరిగ్గా చెప్పుకోవచ్చు. సగం తడబాటు అక్కడే పోతుంది.

ఇప్పుడు చెప్పేది కొంచెం నిదానంగా చదువు, ఇది క్లాసుల్లో ఎవరూ ఇలా చెప్పగా నేను వినలేదు. మనం "నాకు" పెట్టి చెప్పేవి చూడు: నాకు తెలుసు, నాకు కావాలి, నాకు ఇష్టం, నాకు అర్థమైంది, నాకు గుర్తుంది, నాకు ఇద్దరు అక్కలున్నారు. ఇవన్నీ ఇంగ్లీషులో ఐతోనే మొదలవుతాయి: ఐ నో, ఐ వాంట్, ఐ లైక్, ఐ అండర్‌స్టాండ్, ఐ రిమెంబర్, ఐ హావ్. తమాషా ఏంటంటే ఈ మాటలకే మామూలుగా ఐఎన్‌జీ తగిలించకూడదు. "ఐ యామ్ నోయింగ్", "ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్", "ఐ యామ్ హావింగ్ ఫీవర్" అని మనవాళ్లు తెగ అంటారు, ఇవన్నీ తప్పే. పని కాదు కదా, ఒక స్థితి. అదే "ఐ యామ్ హావింగ్ లంచ్" అంటే ఒప్పు, అక్కడ హావ్ అంటే తినడం, అది పనే. తెలుగులో "నేను తింటున్నా" అంటావు, "నాకు" రాదు, చూశావా? నూటికి నూరుపాళ్లూ పనిచేసే సూత్రం కాదులే, "నాకు ఆకలేస్తోంది"కి ఐ యామ్ హంగ్రీ అనాలి, అయినా డౌటు వచ్చినప్పుడు ఇదొకసారి వాడి చూడు.

కాలాల్లో పన్నెండు గళ్ల టేబుల్ బట్టీ పట్టొద్దు. మనకి "వెళ్తాను" ఒకటే మాట, రోజూ వెళ్లేదానికీ, రేపు వెళ్లబోయేదానికీ. ఇంగ్లీషులో అవి వేరు. రోజూ గాజువాక వెళ్తాను అంటే "ఐ గో టు గాజువాక ఎవ్రీ డే", రేపు వెళ్తాను అంటే "ఐ విల్ గో టుమారో". ఇది కలిపేసి "డైలీ ఐ విల్ గో" అనేవాళ్లు ఈ ఊళ్లో వీధికొకరు. రెండోది, నిన్న, పోయిన వారం, 2019లో అని టైము చెప్పేశావంటే హావ్ దగ్గరికి వెళ్లకు: "ఐ సా హిమ్ యెస్టర్‌డే", అంతే. టైము చెప్పకుండా, దాని ఫలితం ఇప్పుడూ ఉందంటే అప్పుడు హావ్: "ఐ హావ్ లాస్ట్ మై ఐడీ కార్డ్", ఇంకా దొరకలేదన్నమాట. మూడోది, డిడ్ వచ్చిందంటే జరిగిపోయిన కాలాన్ని అదే మోస్తుంది, వెనక క్రియ మామూలుగానే ఉండాలి. "డిడ్ యు వెంట్" కాదు, "డిడ్ యు గో". డజ్ వచ్చినా ఇంతే, ఎస్ దాని దగ్గరే ఉండిపోయింది, అందుకే "డజ్ హి నో", మళ్లీ నోస్ అనక్కర్లేదు.

ప్రశ్న అడిగేటప్పుడు స్థానాలు తిరగబడాలి: "వేర్ ఆర్ యు గోయింగ్". అదే ప్రశ్నని ఇంకో వాక్యం లోపల పెడితే మళ్లీ మామూలు వరసే, "టెల్ మి వేర్ యు ఆర్ గోయింగ్".

ఆర్టికల్స్ అంటే అందరికీ టెన్షన్. మన ఊరితోనే నేర్చుకో. ఊరికీ పేటకీ ద పెట్టరు: వైజాగ్, భీమిలి, మధురవాడ. ఒంటి కొండకి పెట్టరు, కైలాసగిరి. కొండల వరసకి పెడతారు, ద ఈస్టర్న్ ఘాట్స్. సముద్రానికి, నదికి పెడతారు, ద బే ఆఫ్ బెంగాల్, ద గోదావరి. ఆంధ్రా యూనివర్సిటీకి ద లేదు, యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్ అన్నప్పుడు వస్తుంది, మధ్యలో ఆఫ్ ఉంది చూడు. ఇక ఎ, యాన్ తేడా అక్షరాన్ని చూసి కాదు, చెవితో విను. "యాన్ అవర్", ఎందుకంటే హెచ్ పలకదు. "ఎ యూనివర్సిటీ", ఎందుకంటే పలికేది య. యాన్ ఎమ్మెల్యే అనాలి. మనం దాన్ని యెమ్మెల్యే అని పలికేస్తాం కాబట్టే అక్కడ తడబడతాం.

ప్రిపోజిషన్ల దగ్గర మన "లో" ముంచేస్తుంది. బస్సులో, కారులో, టీవీలో, జూన్‌లో, అన్నిటికీ ఒకటే లో. వాళ్లకి బస్సు, రైలు, ఓడ అయితే ఆన్, లేచి నిలబడి అటూ ఇటూ తిరగగలిగేవి అనుకో. కారు, ఆటో అయితే ఇన్. టీవీకి ఆన్, జూన్‌కి ఇన్, ఆదివారానికి ఆన్, ఐదు గంటలకి ఎట్. మిగతావాటికి సూత్రాలు వెతక్కు, మాటతో కలిపే నేర్చుకో: డిపెండ్ ఆన్, మ్యారీడ్ టు, గుడ్ ఎట్. డిస్కస్ పక్కన ఎబౌట్ అక్కర్లేదు, రిటర్న్ పక్కన బ్యాక్ అక్కర్లేదు.

గౌరవం గురించి ఒక మాట. "సార్ వచ్చారు" అని మనం బహువచనం వాడతాం, అదే ఊపులో "సర్ హావ్ కమ్" అంటారు కొందరు. ఎంత పెద్ద ఆఫీసరైనా ఇంగ్లీషులో ఒక్కడే, "సర్ హాజ్ కమ్". మరి మన "అండి" ఎక్కడికి పోయింది? కుడ్ యు, మే ఐ, ప్లీజ్ అనేవాటిలోకి పోయింది. ఇంటర్వ్యూలో ఉట్టి "రిపీట్" అంటే ఆర్డరేసినట్టు ఉంటుంది, "కుడ్ యు ప్లీజ్ రిపీట్ దట్" అను. అక్కడే పేరు చెప్పేటప్పుడు "మైసెల్ఫ్" అని మొదలుపెట్టావో, ఊరుకోను. "ఐ యామ్" చాలు.

మాటలకి వస్తే, డిక్షనరీ మొదటి పేజీ నుంచి రోజుకి ఇన్ని అని పెట్టుకునేవాళ్లని చాలామందిని చూశాను, బి అక్షరం దాటినవాడు లేడు. మైకేల్ వెస్ట్ అనే ఆయన 1953లోనే ఎక్కువ వాడుకలో ఉన్న సుమారు 2000 మాటలు ఏరి జాబితా వేశాడు, మామూలు రాతల్లో వచ్చే మాటల్లో చాలా భాగం వాటితోనే సరిపోతాయి. ముందు అలాంటి మాటలు, ఒక్కోదానికి నీ సొంత వాక్యం. గో, కమ్, టేక్, గెట్, గివ్ లాంటివి మొండి క్రియలు, ఈడీ పెడితే మాట వినవు, కానీ రోజంతా పని వాటితోనే. నీకు ఇప్పటికే వచ్చిన ఇంగ్లీషు మాటలు కూడా ఓసారి సరిచూసుకో, మన దగ్గర వాటికి అర్థం మారిపోయింది. కరెంటు పోయిందంటే బయటివాళ్లకి పవర్ అనాలి. మనం టిఫిన్ చేసే హోటల్ వాళ్లకి రెస్టారెంట్, హోటల్ అంటే గది తీసుకుని ఉండే చోటు. డౌట్ అంటే వాళ్లకి అనుమానం, నువ్వు అడగాలనుకున్నది క్వశ్చన్. ఫర్నిచర్, లగేజ్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్ చివర ఎస్ పెట్టకు.

వినడానికి, చదవడానికి డబ్బేం కట్టక్కర్లేదు. స్టేషన్లో రైలు అనౌన్స్‌మెంట్ తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింటిలోనూ వస్తుంది, ఒకే విషయాన్ని ఏ వరసలో చెబుతున్నారో విని పోల్చుకో. ఆర్కే బీచ్‌కి ఎలాగూ వెళ్తావు కదా, కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం లోపలికి కూడా వెళ్లు. అది 1969లో నేవీలో చేరింది, 2001లో సేవ నుంచి తప్పించారు. ఇలాంటి సంగతులు ఇంగ్లీషులో "వాజ్ కమిషన్డ్ ఇన్ 1969" అనే తీరులో రాస్తారు, ఎవరు చేశారో చెప్పరు. ప్యాసివ్ వాయిస్ అంటే అదే, దానికోసం వేరే పాఠం అక్కర్లేదు. ఇంటికెళ్లి మ్యూజియం గురించి గుర్తున్నది ఓ పది వాక్యాలు సొంతంగా రాయి, ఫోన్లో చూసి కాపీ కొట్టకు, నాకు తెలిసిపోతుంది. ఆదివారం భోజనానికి వచ్చేటప్పుడు ఆ నోట్‌బుక్ పట్రా, తిన్నాక కూర్చుని దిద్దుదాం. ఫీజు సంగతి ఆ తర్వాత చూద్దాం.

మీ మావయ్య