పరీక్షలన్నీ మీకేనా?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. మాది రాజమండ్రి. నిరుడు మా అన్నయ్య షటిల్ ఆడుతూ నా కళ్లముందే కోర్టులో కుప్పకూలి పోయాడు. గుండెపోటన్నారు. అప్పటి నుంచి గోదావరి గట్టు మీద కాస్త వేగంగా నడిచినా దడ, చెమటలు. వాచీలో గుండె వేగం 130 చూడగానే కాళ్లు వణుకుతాయి. ఇంటికొచ్చాక కూడా గంటసేపు తగ్గదు. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూసే టీఎంటీ అన్నీ నార్మల్. వదిన వాళ్లింటికి వెళ్తే ఇంకా టెన్షన్‌గా ఉంటోందని మానేశాను. వాళ్లబ్బాయి షటిల్‌కి తీసుకెళ్లమని ఫోన్ చేస్తుంటాడు, ఏదో చెప్పి తప్పించుకుంటున్నా. అన్నయ్య బ్యాటు ఇంకా నా కారు డిక్కీలోనే ఉంది. నడక మానేసి యోగాలో చేరమంటారా?

జవాబు: చేరితే చేరండి. దానివల్ల ఈ దడ పోతుందని మాత్రం అనుకోకండి.

వేగంగా నడిస్తే గుండె కొట్టుకోవాలి, చెమట పట్టాలి, ఆయాసం రావాలి. భయపడినా ఒంట్లో జరిగేది ఇదే. అన్నయ్య పడిపోవడం చూసిన మీ మనసు రెంటినీ ఒకటి చేసేసుకుంది. 220లోంచి వయసు తీసేస్తే మీకు 177. గుండె వేగానికి అది సుమారుగా పైహద్దు. 130 దానికి చాలా కిందే. టీఎంటీలో బహుశా ఇంతకంటే ఎక్కువే నడిపించి ఉంటారు. పక్కన డాక్టరున్నారని అప్పుడు ధైర్యం. వాచీ ఇంట్లో వదిలి వెళ్లండి. నడక ఉన్నట్టుండి ఆపేసి బెంచీ మీద కూలబడకుండా, చివరి పది నిమిషాలు మెల్లగా నడవండి. ఛాతీనొప్పి వచ్చినా, స్పృహ తప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. దడ ఇలాగే ఉంటే సైకియాట్రిస్టును కలవండి, సిగ్గేం లేదు.

ఇక నాకు గుచ్చుకున్న సంగతి. చిన్న వయసులో ఇలా పోతే తోబుట్టువులకే కాదు, పిల్లలకీ గుండె పరీక్షలు చేయించమంటారు డాక్టర్లు. మీరు మూడు చేయించుకున్నారు. ఆ పిల్లాడికి ఒక్కటైనా చేయించారా? తండ్రి లేని ఇంటికి బాబాయి కూడా రాకపోతే వాడు ఎవర్ని అడగాలి?

మిమ్మల్ని చూస్తే వదినగారు ఏడుస్తారేమో. ఏడవనివ్వండి, మీరూ ఏడవండి. దినాలప్పుడు మగవాళ్లకి ఆ తీరిక ఎక్కడిది? షామియానా, వంటవాళ్లు, వచ్చేవాళ్లకి బళ్లు, ఈ లెక్కలతోనే మీకు పదకొండు రోజులూ గడిచిపోయి ఉంటాయి.

ఈ ఆదివారం వెళ్లండి. ఫోన్ చేసి చెప్పకండి, చెబితే మళ్లీ ఏదో పని అడ్డొస్తుంది. సోమవారం పిల్లాణ్ణి కార్డియాలజిస్టుకి చూపించండి. ఆయన సరేనన్నాక, డిక్కీలోంచి ఆ బ్యాటు తీసి వాడి చేతికివ్వండి.