సరిహద్దులు మార్చే వాళ్ళ ముందు ఎలా మాట్లాడాలి: టెక్సస్‌లోని మేనకోడలికి లేఖ

చిరంజీవి సౌభాగ్యవతి సుధకు మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. 2025 జూలై 28న ఆర్లింగ్టన్‌లో టెక్సస్ ప్రతినిధుల సభ కమిటీ జరిపిన బహిరంగ విచారణకు ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళి, నీ పేరు పిలిచేదాకా ఓపిగ్గా కూర్చుని, పదేళ్ళకొకసారి జనాభా లెక్కల తర్వాత జరగవలసిన అమెరికా కాంగ్రెస్ నియోజకవర్గాల పునర్విభజనను మధ్యలో పార్టీ అవసరం కోసం తలపెట్టడం అన్యాయమని చెప్పి వచ్చావు. నువ్వు మాట్లాడిన రోజుకు కొత్త సరిహద్దుల మ్యాపు బయటికే రాలేదు. అది వెలువడ్డాక నెల తిరిగేసరికి, ఆగస్టు 29న, గవర్నర్ సంతకంతో చట్టమైపోయింది. నవంబరు 18న ఎల్‌పాసోలో ముగ్గురు ఫెడరల్ న్యాయమూర్తుల ధర్మాసనం ఇద్దరి మెజారిటీతో దాన్ని ఆపినా, డిసెంబరు 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసి 2026 ఎన్నికలకు కొత్త మ్యాపునే వాడుకోనిచ్చింది. ఇంతమందిమి చెప్పి ఏం లాభమని అడిగావు. ఊరటగా నాలుగు మాటలు రాసి వదిలేయడం నాకిష్టం లేదు. మళ్ళీ ఇలాంటి సందర్భం వచ్చినప్పుడు, అది తప్పకుండా వస్తుంది, నువ్వు మరింత గట్టిగా ఎలా నిలబడాలో చెబుతాను.

ముందు అవతలివాళ్ళ బలమేమిటో తెలుసుకోవాలి. మీ రాష్ట్రంలో ఈసారి నాయకులు తమ ఉద్దేశాన్ని దాచుకోలేదు. రిపబ్లికన్లకు మరో 5 స్థానాలు తెచ్చుకోవడానికే మారుస్తున్నామని బహిరంగంగానే చెప్పారు. అలా చెప్పడానికి వాళ్ళకు ధైర్యమిచ్చింది 2019లో రూచో కేసులో సుప్రీంకోర్టు 5–4తో ఇచ్చిన తీర్పు. పార్టీ లాభం కోసం గీసిన సరిహద్దులు ఎంత అన్యాయంగా ఉన్నా, వాటిని కొలిచి సరిదిద్దడం ఫెడరల్ కోర్టుల పని కాదని ఆ తీర్పు తేల్చింది. జాతి ప్రాతిపదికన విడదీశారన్న ఆరోపణను మాత్రం కోర్టులు ఇప్పటికీ వింటాయి. అందుకే మైకు ముందు నిలబడి “ఇది ఫలానా పార్టీకి మేలు చేసే మ్యాపు” అని చెబితే, అవతలివాళ్ళు ఒప్పుకున్న విషయాన్నే మళ్ళీ చెప్పినట్టవుతుంది. దానికి వాళ్ళ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. జవాబు లేనిదల్లా ఆ మ్యాపు నీ వీధికి, నీ ఊరికి, పక్క ఊరికి ఏం చేసిందన్న ప్రశ్నకే.

కాబట్టి నా మొదటి సలహా: పార్టీ పేరు ఎత్తకుండా మీ ఊరి గురించి మాట్లాడు. 2021లో గీసిన మ్యాపునే తీసుకో. కాలిన్ కౌంటీలో మన వాళ్ళతో పాటు ఆసియా కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన ప్లేనో, ఫ్రిస్కో ప్రాంతాలలో కొంత భాగాన్ని విడదీసి, ఓక్లహోమా సరిహద్దు దాకా సాగే నాలుగో నియోజకవర్గంలో కలిపారు. దీన్ని విచారణలో ఎలా చెప్పాలి? “మేమంతా ఒకే స్కూల్ డిస్ట్రిక్ట్‌కు పన్ను కడతాం, మా పిల్లలు ఒకే హైస్కూలుకు వెళతారు, రోజూ ఒకే టోల్‌వే మీద ఉద్యోగాలకు పోతాం, ఒకే గుడికీ ఒకే సరుకుల దుకాణాలకూ వెళతాం, గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న కుటుంబాలు మా వీధిలో ఇన్ని ఉన్నాయి, వీసా చిక్కు వచ్చినప్పుడు మేము ఆశ్రయించవలసిన కాంగ్రెస్ సభ్యుడు ఒకరైతే, రోడ్డు అవతల ఉన్న మా స్నేహితులకు ఇంకొకరు” అని చెప్పాలి. రోడ్డు పేరు, స్కూలు పేరు, ఎక్కడి నుంచి ఎక్కడికో స్పష్టంగా ఉండాలి. ఇలాంటి బంధాలున్న జనాన్ని ఒకే ప్రయోజనాలున్న సమూహంగా గుర్తించి వీలైనంతవరకూ విడదీయకూడదన్నది చాలా రాష్ట్రాలు రాతపూర్వకంగా ఒప్పుకున్న సూత్రం.

అక్కడితో ఆగకు. ఉత్తరాన షెర్మన్, బోనమ్ వైపు ఉన్న పశువుల పెంపకందార్లకూ రైతులకూ కూడా ఈ విభజనతో నష్టమే. వాళ్ళకు గ్రామీణ ఆసుపత్రి నిలబడటం, నీటి పథకాలు, వ్యవసాయ బిల్లు ముఖ్యం. వాళ్ళ సభ్యుడు ఐటీ ఉద్యోగుల శివార్లకూ పశువుల క్షేత్రాలకూ ఒకేసారి జవాబు చెప్పుకోవాలి. అటువైపు వాళ్ళు ఒక్కరైనా నీతో వచ్చి ఇదే మాట తమ వైపు నుంచి చెబితే, పదిమంది మన వాళ్ళు వరుసగా మాట్లాడినదానికన్నా కమిటీ మీద ఎక్కువ ఒత్తిడి పడుతుంది. నీతో ఏకీభవించే వాళ్ళను పోగుచేయడం తేలిక. నీ పార్టీకి ఎన్నడూ ఓటు వేయని మనిషిని వెంటబెట్టుకుని రావడమే ఈ పనిలో అసలు శ్రమ, నా దృష్టిలో అసలు ఫలితం కూడా అదే.

2025 డిసెంబరు 11న ఇండియానాలో ఏం జరిగిందో గమనించావా? అధ్యక్షుడు ట్రంపే పట్టుబట్టి, 9 స్థానాలూ రిపబ్లికన్లకే దక్కేలా కొత్త మ్యాపు గీయించబోతే, కింది సభ ఆమోదించినా సెనెట్ 31–19తో తిరస్కరించింది. వ్యతిరేకించిన 31 మందిలో 21 మంది రిపబ్లికన్లే. బెదిరింపులు వచ్చినా వాళ్ళు వెనక్కి తగ్గలేదు. ఇలాంటి చోట మాటకు విలువ వచ్చేది, అధికార పార్టీకి ఓటేసిన మనుషులే తమ సెనెటర్‌కు ఫోన్ చేసి వద్దని చెప్పినప్పుడు. ప్రతిపక్షం వాళ్ళు అరిస్తే సభ్యుడికి అలవాటే. తన సొంత ఓటర్లు అడిగితే ఆలోచించక తప్పదు. మీ సంఘంలో రిపబ్లికన్లకు ఓటు వేసే పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. వాళ్ళతో వాదన పెట్టుకోకు; వాళ్ళ చేతనే వాళ్ళ సభ్యుడికి ఉత్తరం రాయించు.

ఇక్కడే నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్న మాట ఒకటి ఉంది. ఈ అన్యాయాన్ని నీకు నచ్చిన పార్టీ చేసినప్పుడు కూడా ఇంతే గట్టిగా వ్యతిరేకించగలిగితేనే నీ మాట నిలుస్తుంది. 2022లో మేరీలాండ్‌లో డెమొక్రాట్లు గీసిన మ్యాపును అక్కడి న్యాయమూర్తి పార్టీ లాభం కోసం హద్దు మీరిన పనిగా కొట్టేశారు. అదే ఏడాది న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం కూడా డెమొక్రాట్ల మ్యాపును రద్దు చేసింది. 2025 నవంబరు 4న కాలిఫోర్నియా ఓటర్లు ప్రాప్ 50 అనే ప్రతిపాదనను ఆమోదించి, టెక్సస్‌కు జవాబుగా డెమొక్రాట్లకు 5 స్థానాలు కలిసొచ్చే మ్యాపును తెచ్చుకున్నారు. అది కనీసం ప్రజల ఓటుతో జరిగింది, కొంతకాలానికే పరిమితమని, 2030 జనాభా లెక్కల తర్వాత స్వతంత్ర కమిషన్‌కే ఈ పని తిరిగి వెళుతుందని రాసుకున్నారు కూడా. ఆ తేడాను నేను గౌరవిస్తాను. అయినా ఆ దారి నాకు నచ్చలేదు. ఒకరు చేశారని ఇంకొకరు, వాళ్ళు చేశారని మరొకరు మొదలుపెడితే, చివరికి 50 రాష్ట్రాల్లోనూ నష్టపోయేది సొంత ఊళ్ళో మైనారిటీ పార్టీకి ఓటు వేసే మామూలు మనిషే. విచారణలో నిన్ను ఎవరైనా “కాలిఫోర్నియా సంగతేమిటి?” అని అడిగితే తడబడకుండా, “అది కూడా తప్పే” అని ఒక్క వాక్యంలో చెప్పి మీ ఊరి విషయానికి వచ్చేయి.

మన వాళ్ళకు వచ్చే పెద్ద సందేహం ఇంకొకటి ఉంది. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు తమకు ఓటే లేదు కదా, ఇది తమకెందుకని తప్పుకుంటారు. సరిహద్దులు గీసేటప్పుడు లెక్కలోకి తీసుకునేది ఓటర్లను మాత్రమే కాదు, మొత్తం జనాభాను. అలా లెక్కించడం సరైనదేనని 2016లో ఈవెన్‌వెల్ కేసులో, అదీ మీ టెక్సస్ నుంచే వెళ్ళిన కేసులో, సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. అందువల్ల ఓటు లేని మన కుటుంబాలు కూడా ఆ నియోజకవర్గం బరువులో భాగమే. విచారణకు వచ్చి తమ వీధి గురించి చెప్పుకోవచ్చు. కానీ ఒక జాగ్రత్త చాలా ముఖ్యం: పౌరసత్వం లేనివాళ్ళు ఎట్టి పరిస్థితిలోనూ ఓటరుగా నమోదు కాకూడదు, ఓటర్లు మాత్రమే సంతకం చేయవలసిన పిటిషన్ మీద మొహమాటానికి కూడా సంతకం పెట్టకూడదు. పౌరులమని తప్పుగా చెప్పుకున్నట్టయితే దేశం విడిచి పోవలసిన పరిస్థితి రావచ్చు. పండగ సభల్లో బల్ల వేసుకుని కూర్చునే ప్రతి వాలంటీరు కాగితం చేతికిచ్చే ముందు ఈ ప్రశ్న అడిగి తీరాలి.

సంతకాల మాట వచ్చింది కాబట్టి మా మిషిగన్ అనుభవం చెబుతాను. 2016 ఎన్నికలైన కొద్ది రోజులకే కేటీ ఫేహీ అనే యువతి ఫేస్‌బుక్‌లో రాసిన ఒక చిన్న పోస్టుతో, సరిహద్దులు గీసే పనిని నాయకుల నుంచి తప్పించి పౌరుల కమిషన్‌కు అప్పగించాలన్న ఉద్యమం ఇక్కడ మొదలైంది. రాజ్యాంగ సవరణను ప్రజల ఓటుకు పెట్టాలంటే 3,15,654 చెల్లుబాటయ్యే సంతకాలు కావాలి. 2017లో వాలంటీర్లమే 4,25,000కు పైగా సేకరించాం. అప్పట్లో ఒక్కో కాగితం మీద ఒక్క కౌంటీ ఓటర్లే సంతకం చేయాలి. దసరా, దీపావళి వేడుకలకు కాంటన్ నుంచి, నోవై నుంచి, ఆన్ ఆర్బర్ నుంచి మన వాళ్ళు ఒకే హాలుకు వస్తారు. ఆ మూడు ఊళ్ళూ మూడు కౌంటీలు. మూడు కట్టలు విడివిడిగా పెట్టుకుని, “మీ ఇల్లు ఏ కౌంటీ అండీ?” అని అడిగి అప్పుడు కాగితం ఇచ్చేవాళ్ళం. సేకరించిన మనిషి ఆఖరి సంతకం పడ్డాకే కింద తన సంతకం, తేదీ వేయాలి. ముందుగా తేదీ వేసి పెట్టుకుంటే దాని తర్వాతి సంతకాలు చెల్లవు. ఉద్యమంలో ఇలాంటి పనులే ఎక్కువ, ప్రసంగాలు తక్కువ. 2018 నవంబరులో దాదాపు 61 శాతం ఓటర్లు ఆమోదించారు. ఇప్పుడు మా సరిహద్దులు గీసేది 13 మంది పౌరులు: నలుగురు డెమొక్రాట్లు, నలుగురు రిపబ్లికన్లు, ఏ పార్టీకీ చెందని ఐదుగురు.

ఆ కమిషన్ తప్పు చేయలేదని నేను చెప్పను. డెట్రాయిట్ ప్రాంతంలో అది గీసిన 13 శాసనసభా నియోజకవర్గాలను 2023 డిసెంబరులో ఫెడరల్ కోర్టు కొట్టేసి మళ్ళీ గీయించింది. కానీ కొత్త మ్యాపులతో 2022లో డెమొక్రాట్లు దాదాపు 40 ఏళ్ళ తర్వాత రెండు సభలూ గెలిచారు, 2024లో కింది సభను రిపబ్లికన్లు తిరిగి గెలుచుకున్నారు. ఓటు మారితే సీటు మారుతోంది. మేము అడిగింది అంతే.

మీ టెక్సస్‌లో ఈ దారి లేదు. అక్కడ పౌరులు సంతకాలు పోగుచేసి రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించే అవకాశం లేదు. సవరణను శాసనసభే మూడింట రెండు వంతుల మెజారిటీతో ప్రతిపాదించాలి. మన భారతదేశంలో సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్న లేదా పనిచేసిన వ్యక్తి అధ్యక్షతన డీలిమిటేషన్ కమిషన్ ముసాయిదా ప్రచురించి, అభ్యంతరాలు విని గీతలు గీస్తుంది; 2009 ఎన్నికలకు మన ఊళ్ళో నియోజకవర్గాలు మారింది ఆ పద్ధతిలోనే. టెక్సస్‌లో గెలిచిన వాళ్ళే తమ గీతలు తామే గీసుకుంటారు. అందుకని నీ శక్తిని అందుబాటులో ఉన్న చోట్ల పెట్టు. 2025 జూన్ 3న టారంట్ కౌంటీ కమిషనర్లు తాము ఎన్నికయ్యే ప్రాంతాల (ప్రిసింక్టుల) సరిహద్దులను 3–2తో మధ్యలోనే మార్చేశారు. రాష్ట్ర స్థాయి విచారణకు వచ్చే కెమెరాలు కౌంటీ, సిటీ కౌన్సిల్, స్కూలు బోర్డు సమావేశాలకు రావు. అక్కడ హాజరయ్యేది కొద్దిమందే కనుక, ఒక సంఘం నుంచి ముప్పై మంది వెళ్ళి క్రమంగా మాట్లాడితే సభ్యులు పట్టించుకోక తప్పదు. ప్రతి సమావేశం ఎజెండాను ముందుగా చదివే బాధ్యత ఒకరికి అప్పగించుకోండి.

చివరగా మాట్లాడే పద్ధతి గురించి. నీకు దొరికేవి రెండు మూడు నిమిషాలే. పేరు నమోదు చేసేటప్పుడు అనుకూలమా, వ్యతిరేకమా, ఎటూ కాకుండా అంశం మీద మాత్రమేనా అని అడుగుతారు. వ్యతిరేకమని స్పష్టంగా రాయి. ఏదో సంస్థ పంపిన నమూనా పాఠాన్ని చదవకు. పదో మనిషి అదే చదివేసరికి కమిటీ వినడం మానేస్తుంది. సభ్యులను వ్యక్తిగతంగా నిందించకు. మ్యాపు ఇంకా రాకపోతే, “మ్యాపు చూపించకుండా మా అభిప్రాయం ఎలా అడుగుతున్నారు? వచ్చాక మళ్ళీ విచారణ ఎప్పుడు పెడతారు?” అని అడుగు, జవాబు ఇవ్వకపోయినా ఆ ప్రశ్న రికార్డులో ఉంటుంది. మాట్లాడినదంతా రాతపూర్వకంగా కూడా ఇచ్చి, అందినట్టు రుజువు దాచుకో. ఎల్‌పాసో కేసులో లాయర్లు ఎక్కువగా ఆధారపడ్డది ఎవరు ఏ రోజు ఏమన్నారన్న రికార్డు మీదే. వీలైతే ఉచితంగా దొరికే డేవ్స్ రీడిస్ట్రిక్టింగ్ సైటులో మీ ప్రాంతాన్ని కలిపి ఉంచే ప్రత్యామ్నాయ మ్యాపు గీసి జత చేయి. ఇలా గీయడం సాధ్యం కాదన్న సాకు ఇక వాళ్ళకు ఉండదు.

నువ్వు రాసుకున్న వాంగ్మూలాన్ని ఈసారి ముందుగా నాకు పంపు, చూసి పెడతాను. ఇప్పుడు అమల్లోకి వచ్చిన మ్యాపు నంబరు సీ2333. మొదటి పేజీలోనే ఆ నంబరు వేసి, మీ వీధి ఏ నియోజకవర్గం నుంచి ఏ నియోజకవర్గానికి పోయిందో, లేక ఎక్కడ ఉండిపోయిందో నువ్వే మ్యాపులో చూసి రాయి.

ఆశీస్సులతో,
మీ మామయ్య