సిలికాన్ అచ్చులో కేకు చేస్తే ఒంట్లోకి ఏమైనా చేరుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 31. మాకు నాలుగేళ్ల పాప. బేకరీ కేకులు మాన్పించాలని వారానికోసారి ఇంట్లోనే రాగి కేకు, మఫిన్లు చేస్తున్నాను. ఇంతకుముందు అల్యూమినియం గిన్నె వాడేదాన్ని. ఈమధ్య ఆన్‌లైన్‌లో సిలికాన్ అచ్చులు కొన్నాను. మొదటిసారి ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) పెట్టినప్పుడు ఇల్లంతా రబ్బరు కాలిన వాసన వచ్చింది. కరెంటు లేనప్పుడు అవే అచ్చులను కుక్కర్‌లో ఉప్పు పోసి పెడుతుంటాను. ‘రబ్బరును నిప్పు మీద పెట్టి, అందులో వండింది పిల్లకు పెడతావా?’ అని మా అత్తయ్య గారు కోప్పడుతున్నారు. సిలికాన్ వల్ల హార్మోన్లు దెబ్బతింటాయని, క్యాన్సర్ వస్తుందని వాట్సాప్‌లో చదివాను. రెండో బిడ్డ కోసం అనుకుంటున్నాం. ఈ అచ్చులు పారేయాలా? నేనూ పాపా రక్త పరీక్షలు చేయించుకోవాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పారేయనక్కర్లేదు. కుక్కర్‌లో పెట్టడం మాత్రం ఈరోజు నుంచే మానేయండి. అత్తయ్య గారి కోపంలో కొంత న్యాయం ఉంది. అచ్చు దేనితో తయారైందన్న దానికంటే, దాన్ని ఎంత వేడిలో పెడుతున్నారు, అందులో ఎంత నెయ్యి పోస్తున్నారు అన్నదే ఇక్కడ అసలు విషయం.

ముందు సిలికాన్ సంగతి చూద్దాం. ఇది మామూలు రబ్బరు కాదు. ఇసుకలో ఉండే మూలకం ఆక్సిజన్‌తో కలిసి పొడవాటి గొలుసులా అల్లుకుంటే, దానికి అక్కడక్కడ కర్బన సమ్మేళనాలు అతుక్కుంటే తయారయ్యే పదార్థం. పాలసీసా పీకల్లో, ఆస్పత్రిలో మూత్రం కోసం వేసే కొన్ని రకాల గొట్టాల్లో కనిపించేది ఇదే. చంటిపిల్లలు కడుపుబ్బరంతో ఏడుస్తుంటే మేం రాసే చుక్కల మందులో సిమెథికోన్ ఉంటుంది. అదీ ఈ కుటుంబంలోదే. పేగుల్లో గాలి బుడగలను పగలగొట్టి, రక్తంలోకి చేరకుండా మలంతో పాటు బయటికి పోతుంది. పొడవాటి గొలుసుగా ఉన్న సిలికాన్ నోట్లోకి వెళ్లినా శరీరం దాన్ని పట్టించుకోదనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నా దగ్గర లేదు.

చిక్కంతా చిన్న ముక్కలతోనే. సిలికాన్ తయారయ్యేటప్పుడు గొలుసులో కలవకుండా కొన్ని చిన్న చిన్న వలయాలు మిగిలిపోతాయి. వీటిని సైక్లిక్ సైలాక్సేన్లు అంటారు. డీ4, డీ5, డీ6 అన్నవి ఈ కోవలోవే. వేడికి ఇవి ఆవిరై బయటికి వస్తాయి, కొవ్వు తగిలితే అందులోకి దిగుతాయి. యూరోపియన్ యూనియన్ 2018లో ఈ మూడింటినీ తీవ్రంగా ఆందోళన కలిగించే రసాయనాల జాబితాలో చేర్చింది. అందుకు ప్రధాన కారణం ఇవి పర్యావరణంలో తొందరగా విచ్ఛిన్నం కాకుండా పేరుకుపోవడం. డీ4కి మాత్రం సంతాన సామర్థ్యాన్ని దెబ్బతీయవచ్చన్న అనుమానం కూడా ఉంది. వాట్సాప్ సందేశాల్లోని హార్మోన్ల మాట పుట్టింది ఇక్కడే. అయితే ఆ అనుమానానికి ఆధారం ఎలుకల చేత ఈ ఆవిరిని పెద్ద మోతాదుల్లో పీల్పించిన ప్రయోగాలు. వారానికో కేకు తినే ఇంటికి ఆ లెక్కను నేరుగా అన్వయించడం సరికాదు. ఇక క్యాన్సర్ విషయానికొస్తే, సిలికాన్ పాత్రల్లో వండుకోవడం వల్ల మనుషులకు అది వచ్చిందనడానికి ఆధారం లేదు.

మీ ఇంట్లో వచ్చిన వాసన ఎక్కడిదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. బాగా తయారుచేసిన అచ్చును ఫ్యాక్టరీలోనే గంటల తరబడి వేడి గదిలో ఉంచి, ఎగిరిపోయేవన్నీ ఎగిరిపోయాకే అమ్మకానికి పంపాలి. జర్మనీ ప్రమాణం ప్రకారం అచ్చును 200 డిగ్రీల సెల్సియస్ వద్ద నాలుగు గంటలు ఉంచితే, ఆవిరయ్యే పదార్థం దాని బరువులో 0.5 శాతం మించకూడదు. చౌకరకం తయారీలో మొదట కోత పడేది ఈ పనికే, ఎందుకంటే కరెంటు ఖర్చు ఎక్కువ. ఫ్యాక్టరీ మిగిల్చిన ఆ పని మీ ఓటీజీలో, మీ పాప కేకు కింద జరిగిందన్నమాట. ఆ మొదటి కేకు తిన్నందుకు కంగారు పడకండి. ఒక్కసారికి ఏమీ కాదు.

ఆ పనిని మీరే పూర్తిచేయవచ్చు. అచ్చు మీద ఎంత వేడి వరకు వాడవచ్చో రాసి ఉంటుంది, సాధారణంగా 220 లేదా 230 డిగ్రీలు. అసలేమీ రాసి లేకపోతే ఆ అచ్చును ఓవెన్‌లో పెట్టకండి, ఐసు ముక్కలకు వాడుకోండి. రాసి ఉంటే సబ్బునీళ్లతో కడిగి, తుడిచి, ఖాళీ అచ్చును 200 డిగ్రీల్లో గంటసేపు ఉంచండి. వంటింటి కిటికీలన్నీ తెరిచి, పాపను వేరే గదిలో ఆడుకోమనండి. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే వాళ్లూ దూరంగా ఉండాలి. చల్లారాక మళ్లీ కడగండి. వాసన ఇంకా వస్తుంటే ఇంకోసారి, మరోసారి ఇలాగే చేయండి. మూడోసారికీ వాసన పోకపోతే ఆ అచ్చును వదిలించుకోవడమే మంచిది. అచ్చును మెలిపెట్టి చూడండి, తెల్లగా మారితే కల్తీ సిలికాన్ అని వీడియోల్లో చెబుతుంటారు. ఆ చిట్కాను పూర్తిగా నమ్మలేం. ముక్కుకు తెలిసే వాసన దానికంటే మంచి ఆనవాలు.

ఇప్పుడు కుక్కర్. గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఉప్పు పోసి, పది నిమిషాలు పెద్దమంట మీద కాచి అందులో గిన్నె దించడం మన ఇళ్లలో తెలిసిన పద్ధతే. కేకు బాగానే వస్తుంది. కానీ లోపల ఎంత వేడి ఉందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. నీళ్లు లేని కుక్కర్ అడుగు 230 డిగ్రీలు దాటడం పెద్ద విశేషమేమీ కాదు. అచ్చు మెత్తగా ఉంటుంది కాబట్టి ఒకపక్కకు వాలి కాగిన గోడకు తగులుతుంది. ఆ తగిలినచోట సిలికాన్ మాడితే అచ్చు మీద రాసిన అంకెకు అర్థమే ఉండదు. కుక్కర్ కేకుకు స్టీలు గిన్నో, మీ పాత అల్యూమినియం గిన్నో వాడుకోండి. అల్యూమినియం అయితే లోపల బేకింగ్ పేపరు పరవండి. పెరుగు, నిమ్మరసం వేసిన పిండి పులుపుకు ఆ లోహం కొంత కరుగుతుంది. ఆహారం ద్వారా చేరే అల్యూమినియం వారానికి శరీర బరువులో కిలోకు 2 మిల్లీగ్రాములు మించకూడదని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ), ప్రపంచ ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం పరిమితి పెట్టింది. పిల్లల బరువు తక్కువ కాబట్టి ఆ హద్దు వాళ్లకు తొందరగా వస్తుంది.

ఓటీజీలో మరీ అంత ఇబ్బంది లేదు. కేకు 170, 180 డిగ్రీల్లో ఉడుకుతుంది, తడి ఉన్నంతసేపు పిండి లోపలి వేడి 100 దాటదు. అంచుల్లోనే ఎక్కువ. అచ్చును మధ్య అరలో, రాడ్లకు దూరంగా పెట్టండి. గ్రిల్ మోడ్‌లో మాత్రం వద్దు, ఎర్రగా కాలే రాడ్డు సూటిగా అచ్చు మీదకే వేడి కొడుతుంది. చిన్న ఓటీజీల్లో మీట చూపే అంకెకు, లోపలి వేడికి చాలా తేడా ఉంటుంది. లోపల పెట్టే ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి.

నెయ్యి, వెన్న ఎక్కువ పడే వంటలకు సిలికాన్ వాడొద్దని నా సలహా. రాగి పిండి, బెల్లం, గుడ్డు, పెరుగుతో చేసే మఫిన్లకు పరవాలేదు. కాగిన నెయ్యిలో ఉడికే మైసూర్ పాక్‌ను వేడివేడిగా ఈ అచ్చుల్లో పోసి అందమైన ఆకారాలు తీయడం చూస్తున్నాను. వేడి, కొవ్వు రెండూ ఒక్కచోట కలిసే పని అది. నెయ్యి రాసిన స్టీలు పళ్లెం ఉండగా ఆ ముచ్చట ఎందుకు? దోసె పెనానికి నూనె రాసే సిలికాన్ బ్రష్షుకూ ఇదే మాట. పెనం మీద వేడి ఎంతో ఎవరూ కొలవరు. సగానికి కోసిన ఉల్లిపాయ ఆ పని ఎప్పటినుంచో చేస్తోంది, పైగా రుచి కూడా. అదే ఆవిరి మీద ఉడికే ఇడ్లీ, కరిగించిన చాక్లెట్, కోవా, కుల్ఫీ అయితే అంత వేడి ఉండదు కాబట్టి సిలికాన్‌లో నిశ్చింతగా చేసుకోవచ్చు.

ఈ అచ్చులకు మంచి గుణాలు లేకపోలేదు. పులుపుకు చలించవు, తుప్పు పట్టవు, మైక్రోవేవ్‌లో పెట్టవచ్చు, నూనె పెద్దగా రాయకపోయినా కేకు ఊడి వస్తుంది. గీత పడిన నాన్‌స్టిక్ గిన్నెలా పూత పెచ్చులూడే భయం లేదు. వేడిని తొందరగా పట్టవు కాబట్టి కేకు అంచులు ఎర్రగా కాలవు. పిల్లలు పెదవి విరుస్తారేమో కానీ, పిండి పదార్థాలు బాగా ఎర్రబడినప్పుడు ఏర్పడే అక్రిలమైడ్ అనే హానికర రసాయనం కొంత తగ్గుతుంది, నాకది లాభమే. కత్తితో అచ్చులోనే కేకు కోయొద్దు, గాటు పడితే అందులో జిడ్డు చేరుతుంది. స్టీలు పీచు కూడా వాడొద్దు.

ఇక ఈ అచ్చుల్లో నేను నిజంగా భయపడే విషయం కాలిన గాయాలు. నిండిన అచ్చును రెండు చేతులతో ఎత్తగానే నడుమ వంగిపోతుంది. కాగిన పిండి మణికట్టు మీద, కింద కాళ్ల దగ్గర నిలబడ్డ పిల్లల మీద ఒలుకుతుంది. పిండి పోయకముందే అచ్చును గట్టి ఇనుప ట్రే మీద ఉంచి, ట్రేతో సహా లోపల పెట్టి, ట్రేతో సహా బయటికి తీయండి. కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీటి ధార కింద ఉంచాలి. టూత్‌పేస్టు, సిరా, ఐసు గడ్డ పెట్టకూడదు. పిల్లలకు ముఖం, చేతులు కాలినా, బొబ్బలు వచ్చినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

రక్త పరీక్ష సంగతి. సిలికాన్ కోసమంటూ ఏ పరీక్షా అవసరం లేదు, మీకూ పాపకూ. ఎవరైనా ‘టాక్సిన్ ప్యాకేజీ’ అని అమ్మజూపితే ఆ డబ్బు మిగుల్చుకోండి. రెండో బిడ్డ కోసం అనుకుంటున్నామన్నారు కాబట్టి చేయించుకోవాల్సినవి వేరే ఉన్నాయి: హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్. గర్భం రావడానికి కనీసం నెల ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి. మొదటి కాన్పులో బిడ్డకు వెన్నెముక లోపమేదైనా ఉన్నా, మీరు మూర్ఛ మందులు వాడుతున్నా మోతాదు ఎక్కువ కావాలి, దాన్ని మీ గైనకాలజిస్టు నిర్ణయిస్తారు. ఈ వారమే వెళ్లి కలవండి.