ముక్క మానక్కర్లేదమ్మా, తగ్గిస్తే చాలు

కైకలూరు

చి.ల.సౌ. అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ పెద్దమ్మా నేనూ కులాసా. మీరంతా బాగున్నారని తలుస్తాను.

నీ మెసేజ్ నిదానంగా చదివాను. కార్తీకం ఇంకో వారంలో అయిపోతుందనగా, ఈసారి అయిపోయాక కూడా ఇంట్లో మాంసం, చేప, గుడ్డు అన్నీ శాశ్వతంగా బంద్ అని ప్రకటించావట. అల్లుడుగారు మొహం ముడుచుకున్నారు, మీ అత్తగారు మాట్లాడటం తగ్గించారు, బాబేమో ఆదివారం పక్కింటికి భోజనానికి పోతానంటున్నాడు. "పశువుల డాక్టరు కదా పెదనాన్నా, మీరే చెప్పండి, మాంసం వల్ల వాతావరణం పాడవుతుందన్నది నిజమా కాదా?" అని అడిగావు.

నిజమే. నువ్వు చదివింది పుకారేమీ కాదు. కానీ నువ్వు పెట్టిన రూలు సంక్రాంతి దాకా కూడా నిలవదు. ముక్క లేనిదే ముద్ద దిగని ఇంటికి కోడలిగా వెళ్లావు. అక్కడ ఏది నిలుస్తుందో చూసుకుని మొదలుపెట్టాలి.

ముందు అసలు సంగతి. ఆవు, గేదె, గొర్రె, మేక నెమరు వేసే జంతువులు. వాటి పొట్టలో మొదటి గది చాలా పెద్దది. తిన్న గడ్డీ చొప్పా అందులో సూక్ష్మజీవుల వల్ల పులుస్తాయి. మనకు అరగని పీచు వాటికి అరిగేది అందుకే. అలా పులిసేటప్పుడే మీథేన్ పుడుతుంది. ఇది వెనకనుంచి పోతుందనుకుని అందరూ నవ్వుతారు గానీ, ఎక్కువ భాగం తేన్పుల్లో నోటినుంచే వస్తుంది. మీథేన్ గాల్లో సుమారు పన్నెండేళ్లే ఉంటుంది. ఉన్నన్నాళ్లూ మాత్రం గట్టిగా పనిచేస్తుంది. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 80 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. మనుషుల పనుల వల్ల వెలువడే, వేడిని పట్టి ఉంచే వాయువుల్లో 14.5 శాతం పశుపోషణ నుంచే వస్తున్నాయని 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్క కట్టింది. అందులో మేత పండించడానికి నరికిన అడవులూ, పేడా, ఎరువులూ అన్నీ కలిసే ఉన్నాయి.

ఇక్కడే నువ్వు ఒక విషయం గమనించలేదు. అన్ని ముక్కలూ ఒకటి కాదు. పూర్, నెమెచెక్ అనే ఇద్దరు పరిశోధకులు 119 దేశాల్లోని 38 వేలకు పైగా కమతాల లెక్కలు కలిపి 2018లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. వంద గ్రాముల ప్రొటీన్ మన పళ్లెంలోకి రావడానికి ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన వాయువులు వెలువడతాయో అందులో ఉంది. మాంసం కోసమే పెంచే పశువుల గొడ్డుమాంసానికి 50 కిలోలు. గొర్రె, మేక మాంసానికి 20. చెరువు రొయ్యకి 18. చీజ్‌కి 11. చెరువు చేపకి 6, కోడికి 5.7, గుడ్డుకి 4.2. పప్పులకైతే ఒక కిలో కూడా లేదు. ఇవి ప్రపంచ సగటులు. మన గొర్రెకీ ఆస్ట్రేలియా గొర్రెకీ తేడా ఉంటుంది. అయినా వరుస మాత్రం పెద్దగా మారదు.

ఈ వరుస చూస్తే నువ్వు గుడ్డు మీద ఎందుకు కత్తి కట్టావో నాకు అర్థం కాలేదు. పిల్లలకి రోజూ గుడ్డు పెట్టు. చౌక, మంచి ప్రొటీను, వెలువడేదీ తక్కువే. బీ12 విటమిన్ పప్పుల్లో, కూరగాయల్లో దొరకదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం వీటిలోనే ఉంటుంది. మీ అత్తగారి వయసులో అది తగ్గితే కాళ్ల తిమ్మిర్లు, మతిమరుపు. ఆవిడకి గుడ్డు ఆపేసి తర్వాత ఇంజెక్షన్లు వేయించడంలో పర్యావరణానికి ఒరిగేదేమీ లేదు.

మాంసం ఆపేసిన వారం నుంచీ పనీరు తెస్తున్నానని గొప్పగా రాశావు. అమ్మలూ, పనీరు ఎక్కడినుంచి వస్తుంది? కిలో పనీరుకి ఐదారు లీటర్ల పాలు కావాలి. ఆ పాలిచ్చే గేదె కూడా నెమరు వేసేదే. చీజ్ లెక్క పైన చూశావుగా, పనీరు దానికి దగ్గర చుట్టమే. కోడికూర తీసేసి పనీరు బటర్ మసాలా వండితే నువ్వు తగ్గించింది ఏమీ లేదు, పైగా వెన్న ఖర్చు.

రొయ్యల సంగతి కొల్లేటి సరస్సు పక్క ఊరివాణ్ణి గనక నేనే చెప్పాలి. కొల్లేటిని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడినేలగా గుర్తింపు వచ్చింది. 2006లో ఐదో కాంటూరు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత, లోపలి చేపల చెరువుల గట్లు ప్రభుత్వమే తెగ్గొట్టింది. తర్వాత చెరువులు మళ్లీ మెల్లగా లోపలికి జరిగాయి. రొయ్యల చెరువులో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగకుండా తిరగాలి, కరెంటు పోతే డీజిల్ జనరేటరు. మేతలో చేపల పొడి కలుపుతారు. ఉప్పునీటి చెరువుల పక్క ఊళ్లలో మంచినీళ్ల బావులు ఉప్పెక్కాయి. ఇక్కడ వేలమందికి అదే బతుకు, నేను వాళ్లని తిట్టడం లేదు. మటన్ బదులు రొయ్యలు తింటే పుణ్యం వస్తుందని మాత్రం అనుకోకు. బొచ్చె, శీలావతి లాంటి చేపలు నయం. అవి తవుడూ నూనెచెక్కా తిని పెరుగుతాయి.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. ఆదివారం కిలోన్నర మటన్ తెస్తామని రాశావు. మీరు ఐదుగురు. ఆహారం, ఆరోగ్యం, భూమి మూడూ కలిపి ఆలోచించిన ఈట్-లాన్సెట్ కమిషన్ 2019లో ఎర్రమాంసం మనిషికి రోజుకి 14 గ్రాములు చాలంది. అంటే వారానికి వంద గ్రాములు. ఐదుగురికి అరకిలో. కాబట్టి వారానికి ఒక కిలో తగ్గించు, అంతే. కిలో మటన్‌కి దాదాపు 40 కిలోల వాయువులని లెక్క. ఏడాది తిరిగేసరికి రెండు టన్నులు. మన దేశంలో సగటు మనిషి మీద ఏడాదికి పడే కార్బన్ డయాక్సైడే సుమారు రెండు టన్నులు. తగ్గించినచోట పప్పు వండినా ఇందులో పోయేది కొంచెమే. ఒక్క కిలో దగ్గర ఇంత ఉంటే, గుడ్ల కోసం ఇంట్లో యుద్ధం దేనికి?

అరకిలోతో ఐదుగురికి ఎలా సరిపోతుందంటావు. ఇదేం కొత్త విద్య కాదు. హైదరాబాద్‌లో ఉండి దాల్చా తెలియదంటే ఎలా? శనగపప్పు, సొరకాయ, చింతపులుసు, అందులో కాసిన్ని మటన్ ముక్కలు. పప్పు మెత్తగా ఉడికి, ఎముకల సారమంతా అందులోకి దిగితే ముక్కలు లెక్కపెట్టాలన్న ధ్యాసే రాదు. హలీం కూడా అంతే. 2010లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఆ వంటకంలో గోధుమలూ పప్పులూ లేకపోతే ఏముంది? మన వైపు దోసకాయ మటన్, గోంగూర మాంసం, చింతచిగురు మాంసం, ములక్కాడ వేసిన పులుసు. మాంసం కొనలేని రోజుల్లో ఎండు నెత్తళ్లు నాలుగు వేసి వంకాయ కూర వండితే వీధి చివరకి వాసన వచ్చేది. వీటన్నిటిలో ముక్క రుచి కోసం, కడుపు నిండడానికి పప్పో కూరో. కేవలం మాంసమే పళ్లెం నిండా పెట్టుకోవడం ఈమధ్య వచ్చిన అలవాటు. రెస్టారెంట్లలో ఫ్యామిలీ ప్యాక్ చూసి నేర్చుకున్నాం.

వండేటప్పుడు రెండు జాగ్రత్తలు. బోన్‌లెస్ అడగొద్దు, నల్లి ఎముకలు ఉన్న ముక్కలు తీసుకో. నీళ్లు ఎక్కువ పోసి సన్నని సెగమీద ముందు మాంసం ఉడికించు, ఆ నీళ్లలోనే పప్పు వెయ్యి. రెండోది, నెలకో ఆదివారం తలకాయో కాళ్లో బోటీయో తెచ్చుకోండి. బతికున్న మేక బరువులో మాంసంగా దక్కేది సగానికి సగం ఉండదు. మిగతాది తినేవాళ్లు లేకపోతే అందరూ తొడమాంసమే అడుగుతారు, అందుకోసం ఇంకో మేక కావాలి. ఈ కూరలు మీ అత్తగారికి బాగా వచ్చి ఉంటాయి. ఆవిణ్ణే అడుగు, ఆదివారం వంట ఆవిడ చేతిలో పెట్టు. తగ్గించాలన్న సంగతి ఆవిడ చేతిమీదుగా జరిగితే ఎవరికీ నొప్పి ఉండదు.

మీ అత్తగారి ఎదుట గొర్రెల్ని మాత్రం తిట్టకు. వాళ్లది పాలమూరు, చుట్టూ గొల్లకురుమల ఊళ్లు. 2019 పశుగణనలో తెలంగాణలో 1.9 కోట్ల గొర్రెలు లెక్కకొచ్చాయి, దేశంలో అదే మొదటి స్థానం. కోత అయిన చేలల్లో, బీళ్లలో మేసి, రాత్రి మంద కట్టిన పొలానికి ఎరువు పెట్టి పోయే జీవాలవి. నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి మీథేన్ తక్కువేమీ కాదు. కానీ మనిషి తినే గింజలు తినవు, ఎకరాలకి ఎకరాల సోయా పండించాల్సిన పని లేదు. అమెజాన్ అడవి కాల్చి పెంచే పశువులతో వాటిని ఒకే గాటన కట్టడం అన్యాయం.

ఇంకో మాట ఖచ్చితంగా చెప్పాలి. శాకాహారం పెద్ద కులం, మాంసాహారం చిన్న కులం అన్న జబ్బు మన దగ్గర ఉంది. పర్యావరణం పేరుతో అదే మాట వేరే నోటితో మాట్లాడేవాళ్లూ ఉన్నారు. నువ్వు ఆ గుంపులో కలవకు. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికి వారానికో ముక్క దొరకడమే గగనం. ఆ అమ్మాయి దగ్గర మాంసం తగ్గించాలని ఉపన్యాసం ఇచ్చావో, నేను ఊరుకోను. తగ్గించాల్సింది రోజూ తినగలిగినవాళ్లు, అంటే మీరూ మేమూ. సగటు తెలుగు పళ్లెంలో ఎక్కువైంది అన్నం. మీ హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ రోజుకి 250 గ్రాముల ధాన్యాలు, 85 గ్రాముల పప్పులు లేదా గుడ్లు, మాంసం అని చెబుతోంది. పప్పు నీళ్లచారుగా చేసి అన్నం గుట్టగా పెట్టుకునే ఇళ్లే ఎక్కువ. నీళ్లు నిలవగట్టిన వరిమడి నుంచి కూడా మీథేన్ వస్తుందని తెలుసా? మడి మధ్యమధ్య ఆరనిచ్చి మళ్లీ తడిపే ఆరుతడి పద్ధతిలో పండిస్తే బాగా తగ్గుతుంది, అది రైతు చేతిలో ఉంది. వారంలో నాలుగు పూటలు జొన్నరొట్టె, కొర్రన్నం నీ చేతిలో ఉన్నాయి. పప్పు రోజుకి ఒక గుప్పెడు ఎక్కువ వెయ్యి. కందీ మినుమూ వేర్ల బుడిపెల్లో నత్రజనిని పట్టి నేలకే తిరిగి ఇచ్చే పైర్లు, యూరియా అవసరం తగ్గుతుంది. తాండూరు కందిపప్పు దొరుకుతుంది కదా అక్కడ, అది తెచ్చుకో.

పారేసేది కూడా చూసుకో. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం 105 కోట్ల టన్నుల ఆహారం పారేసింది. అందులో 60 శాతం ఇళ్లలోనే. ఫంక్షన్లలో మనవాళ్లు పారబోసే బిర్యానీ చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మేక చచ్చీ, మేత పోయీ, గ్యాసు కాలీ, చివరికి చెత్తకుప్పలో గాలాడక కుళ్లి మళ్లీ మీథేనే. వచ్చే నెల బాబు పుట్టినరోజుకి నాలుగు రకాల నాన్‌వెజ్ పెట్టిస్తావని విన్నాను. ఒకటి చాలు. వచ్చినవాళ్లు ఏమీ అనుకోరు, అనుకున్నా కేకు తిని మర్చిపోతారు.

కార్తీకమాసం నెల్లాళ్లు గడిపిన ఇల్లు కాబట్టి ముక్క లేకుండా బతకలేరన్నది అబద్ధమని మీకు ఇప్పటికే తెలిసింది. అసలు గొడవ పోలిపాడ్యమి తర్వాత వచ్చే ఆదివారంతో. నెల్లాళ్లు ఆగిన ఆకలంతా ఒక్కపూటలో తీర్చుకోవాలని మాంసం కొట్ల ముందు బారులు తీరతారు, ఆదా చేసిందంతా అక్కడే కరిగిపోతుంది. ఆ ఆదివారం దాల్చాతో మొదలుపెట్టండి. వారం మధ్యలో ఒకరోజు కోడి, ఒకరోజు చేప, పిల్లలకి గుడ్డు, మిగతా రోజులు పప్పూ కూరగాయలూ. బయట తిన్నప్పుడు అల్లుడుగారు ఏం తిన్నారని అడగొద్దు. కనుమకి మీరంతా ఇక్కడికి వస్తున్నారుగా, నాటుకోడి పులుసు తప్పకుండా ఉంటుంది. కనుమ నాడు మినుము తినాలంటారు కదా, గారెలు ఎక్కువ వేయమని పెద్దమ్మకి చెప్పాను.

శుక్రవారం బస్సులో ఉలవచారు, ఎండు నెత్తళ్లు పంపిస్తున్నాం. నెత్తళ్లు వేరే డబ్బాలో ఉన్నాయి, తలలు గిల్లేసి వేడినీళ్లలో ఒక్కసారి కడిగి వెయ్యి. ఉలవచారు ఫ్రిజ్‌లో పెట్టుకో, బాబుకి వెన్న వేసి పెట్టు. మీ అత్తగారు దాల్చాలో చింతపండు ఎప్పుడు పోస్తారో కనుక్కుని రాయి. పెద్దమ్మ ముందే పోస్తుంది, పప్పు ఉడకడం లేదని గ్యాసుని తిడుతుంది.

ఇట్లు,
మీ పెదనాన్న